నాయిన ప్లేట్లు ఏరిన శనివారం

మా నాయినకు సంగీతం రాదు. వినే చెవి కూడా లేదని అమ్మ అనేది. అయినా పోలీస్ యాక్షన్ తర్వాత వికారాబాద్‌లో ఒక జాగీర్దారు ఇంటి సామానంతా అమ్ముకుని పోతుంటే, మంచం కొనుక్కు రమ్మని పంపితే గ్రామఫోను, దానితో ఒక పెట్టెడు ప్లేట్లు మోయించుకొచ్చాడు. మేము కిందే పడుకున్నాం. పోను పోను అవి మూడు పెట్టెలయ్యాయి. పాట ఏమిటో ఆయనకు అక్కర్లేదు. ప్లేటు నల్లగా మెరవాలి, పాడేవాడు గుక్క తిప్పుకోకుండా లాగాలి, అంతే.

కందుల వ్యాపారంలో పొత్తు కుదిరి తాండూరుకు మారినప్పుడు ఈ పెట్టెల సంగతి తేల్చక తప్పలేదు. దొరికిన ఇంట్లో రెండే గదులు. ఒకదాంట్లో కందుల బస్తాలు, ఇంకోదాంట్లో మేము.

"ఒక్క పెట్టె ఉంటది. తక్కినయి బజార్ల చాయ్ హోటల్‌కు పోతయి," అంది అమ్మ.

ఆమెకు కావలసింది ఒక్క ప్లేటే. అంతకు ముందు వానాకాలంలో జ్వరమొచ్చి పోయిన ఆమె తమ్ముడు, యాలాల్‌లో ఉండే మా మేనమామ, చాలా ఏళ్ల కిందట కందులమ్మడానికి గుల్బర్గా పోయినప్పుడు తెచ్చిచ్చాడు. దేవుని పాట తెమ్మంటే తెచ్చిన కన్నడ పాట. మామ చేతిదని చెప్పుకోవడానికి మా ఇంట్లో ఇంకేమీ లేదు. ప్రతి శనివారం అనంతగిరి స్వామి పటం ముందు దీపం పెట్టి అమ్మ అదే వేయించేది.

కొత్త ఇంట్లో ప్లేట్లు ఏరడం కూడా శనివారమే మొదలైంది. నాయిన షాబాదు బండల మీద ప్లేట్లు పరుచుకుని కూర్చున్నాడు. నేను ఒక్కొక్కటీ వేస్తాను, ఆయన కళ్లు మూసుకుంటాడు, "ఇది ఉండనియ్" అంటాడు. పొద్దెక్కేసరికి హోటల్ కుప్పలో పడ్డది ఒక్కటే, అదీ నిలువునా పగిలింది.

"గిట్లయితే ప్లేట్లను లోపట పండవెట్టి మనం బయట పండుదాం," అని అమ్మ నా దిక్కు తిరిగింది. "పూజ యాళ్లయింది, నా పాట వెయ్యి బిడ్డా."

వేశాను. అదే ఏడుపు గొంతు, అదే హార్మోనియం. అమ్మ చేతులు జోడించింది. అప్పుడే మజ్జిగకని వచ్చిన పక్కింటి అత్త గడపలో ఆగిపోయింది. ఆమె పుట్టిల్లు సేడం దిక్కు, ఇంట్లో మాట్లాడేది కన్నడమే. మొదట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత అక్కడే కూలబడి నవ్వింది.

"అక్కా, గిది దేవుని పాటని ఎవలు చెప్పిన్రు? నాటకంల తాగుబోతోడు పాడేది. ఇంకొక్క కుండ కల్లు పోయమని కల్లమ్మే ఆమె కాళ్లు వట్టుకుంటున్నడు."

పాడేవాడి గొంతు బొంగురుపోయే చోట అమ్మ ఎప్పుడూ లెంపలేసుకునేది. అక్కడ కుండ ఖాళీ అయిందట.

నాయినకు సందు దొరికింది. "తీయ్, తీయ్. స్వామి ముంగట తాగుబోతు పాటనా? హోటల్ కుప్పల వెయ్." తన ప్లేటు ఒక్కటి వదలని మనిషికి ఉన్నట్టుండి అంత భక్తి ఎక్కడినుంచి ఊడిపడిందో. నాకు ఒళ్లు మండింది.

అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "స్వామికి కన్నడం రాదా? గిన్నేండ్లు విన్నడు. ఒక్కనాడన్న వద్దన్నడా?"

అమ్మ ఆయన దాచుకున్న ప్లేట్లు చేతికి అందినన్ని తీసి హోటల్ కుప్పలో పెట్టింది. మళ్లీ వెయ్యమంది. ఈసారి పక్కింటి అత్తను దగ్గర కూర్చోబెట్టుకుని మాట మాటకూ అర్థం అడుగుతూ వింది. కుండ దగ్గరికి వచ్చేసరికి ఇక నవ్వు ఆపుకోలేకపోయింది.

"దొంగ సచ్చినోడు నా తమ్ముడు, ఎర్కుండే తెచ్చిండు," అంది. "మనింటికొచ్చినప్పుడల్ల నేను దండం పెడ్తుంటే ఎనుక తల వంచుకుని కూసునేటోడు. భుజాలు ఊగుతుండె. భక్తనుకున్న."

అలా నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. మామ పోయిన నాడు వచ్చిపోయేవాళ్లను చూసుకోవడంలో పడి ఆమె ఏడవనే లేదు.