ఆండాలు అరగదీసిన షాఫ్టు ముక్క

కోదాడ శివారులోని ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా లోహాల ల్యాబుకు ఆండాలే పెద్ద దిక్కు. రిజిస్టరులో ఆమె పేరు పక్కన అటెండర్ అని ఉంటుంది. రాసుకోనీండి. అక్కడ చదివి వెళ్లిన పిల్లల్లో సగం మందికి ఇనుప ముక్కను చేత పట్టుకోవడం నేర్పింది ఆమే.

ఇనుము లోపలి సంగతి మైక్రోస్కోపులో కనబడాలంటే ముందు దానికి అద్దమంత నునుపు రావాలి. చిన్న ముక్క కోసి, నల్లటి బేకలైటులో క్యారమ్స్ స్ట్రైకరులా పోత పోసి, గరుకు ఎమరీ పేపరు మీద ఒకే దిక్కుగా రుద్దాలి. తర్వాతి పేపరు మీద ముక్కను అడ్డంగా తిప్పి, పాత గీతలన్నీ పోయేదాకా రుద్దాలి. అలా సన్నటి పేపర్లన్నీ అయ్యాక తిరిగే మఖ్మల్ గుడ్డ మీద మెరుగు పెట్టాలి. తొందరపడే పిల్లల చేతి మీద ఆండాలు చిన్న దెబ్బ వేసేది.

"బలమంత ఈడ సూపకు బిడ్డా. నొక్కితే ముక్క అబద్ధం చెప్తది."

ఇన్నేళ్ల రుద్దుడికి ఆమె వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ షాపు మిషను ఆమె వేలిని గుర్తుపట్టదు. "నువ్వసలు మనిషివేనా ఆండాలూ?" అని డీలరు గౌరయ్య ఎగతాళి చేస్తాడు. అందుకని నెలనెలా భర్త మల్సూర్ వెంట వెళ్లి తన వేలు పెడతాడు. ఆయన మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆపరేటరు, ఆదివారం ఆదివారం ఇంటికొస్తాడు. "నీకు అన్నం పుట్టేది నా బొటనవేలితోనే" అని దారి పొడవునా బడాయి పోతాడు. ఆ బడాయి ఆండాలుకు మహా ఇష్టం. పైకి మాత్రం మూతి తిప్పుతుంది.

ఈ నెల ఆయన గడప దాటలేదు. పది రోజుల కింద మిల్లులో ధాన్యం పైకెత్తే ఎలివేటరును తిప్పే ఇనుప షాఫ్టు విరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం. మల్సూరే లోడు ఎక్కువేసి నడిపాడని అందరూ అన్నారు. ముప్పై ఏళ్లుగా మిషను మీద అరచెయ్యి ఆనించి దాని బాగోగులు చెప్పిన మనిషి. వాళ్లతో కొట్లాడాల్సింది పోయి, తనే ఆ మాట నమ్మేశాడు.

"నాకే తెల్వకుంట ఎక్కువ ఏసిన్నేమో. నా చెయ్యి మొద్దుబారింది ఆండాలూ. ఇగ మిషన్ ముట్ట."

అన్నం కలిపి, అలాగే వదిలేసి లేచిపోతున్నాడు. పని పోతుందన్న భయం కన్నా, ఆయనకు తన చెయ్యి మీదే నమ్మకం పోవడం ఆండాలు గుండెను పిండేసింది.

మిల్లు యజమాని యోగేష్ సేటు తొందరపడే మనిషి కాదు. ఎవరి తప్పో తేల్చమని విరిగిన షాఫ్టు ముక్కను ఈ కాలేజీకే పంపాడు. దాన్ని చూడగానే ఆండాలు, ల్యాబు చూసే నిఖిత మేడం దగ్గరికి వెళ్లింది.

"మేడం, ఇది మా ఆయన మిషన్‌ది. ఇంకెవలితోనన్న చేయించున్రి."

"చూసి రాసేది నేను కదా ఆండాలమ్మా. మీ చెయ్యి నాకు తెలుసు. మీరే చెయ్యండి."

తెలిసిన ఆ చెయ్యే ఆ రోజు మాట వినలేదు. మల్సూర్ వదిలేసిన కంచం కళ్లలో తిరుగుతుంటే, ఇంతకుముందెన్నడూ రానంత మెరుపు తెప్పించాలని నొక్కి నొక్కి రుద్దింది. రెండు గంటల పని గంటలో అయింది. ముక్కలో ఆమె ముఖం కనబడింది.

మేడం మైక్రోస్కోపులో చూసి నెమ్మదిగా తల ఎత్తింది. "లోపల పాత పగులేమీ లేదమ్మా. ఒక్కసారిగా ఎక్కువ బరువు పడి విరిగినట్టుంది."

ఆండాలు మైక్రోస్కోపు దగ్గరికి వచ్చింది. ముక్కను తీసి వెలుతురుకు వాల్చి చూసింది. అంచులు గుండ్రంగా జారి ఉన్నాయి. గట్టిగా నొక్కితే ఇనుము పైపొర సాగి, సన్నటి పగులును అలుకు పెట్టినట్టు కప్పేస్తుంది. పిల్లలు చేస్తే తిట్టే తప్పు, తనే చేసింది! ఇప్పుడు చెబితే మొగుడి కోసం మాట మారుస్తోందంటారు. మళ్లీ చేశాక కూడా ఏమీ కనబడకపోతే ఆ తప్పు మల్సూర్ నెత్తిన శాశ్వతంగా పడుతుంది. అయినా చెప్పింది.

"దీన్ని నమ్మకున్రి మేడం. నేను నొక్కిన. మల్ల మొదటి నుంచి చేస్త, మీరు పక్కన కూసోన్రి. అప్పుడు గూడ ఏం కనబడకుంటే మీరన్నదే రాయున్రి."

మేడం స్టూలు లాక్కుని కూర్చుంది. ఆండాలు మళ్లీ గరుకు పేపరు దగ్గర మొదలుపెట్టింది. నిద్రపోయే పసిబిడ్డ వీపు నిమిరినట్టు రుద్దింది. చివరికి, సాగిన పైపొర ఏమైనా మిగిలితే కరిగిపోవాలని, ఆసిడ్ చుక్కలు కలిపిన స్పిరిట్‌లో ముంచింది, కడిగింది, గుడ్డ మీద పెట్టింది, మళ్లీ ముంచింది. సాయంత్రమైంది.

ఈసారి మేడం చాలాసేపు చూసింది. పక్కకు జరిగి ఆండాలును చూడమంది. చక్రం బిగించే గాడి మూల నుంచి లోపలికి, ఎండిన మడిలో నెర్రెలాగా ఒక సన్నటి పగులు. దాని నిండా, మైక్రోస్కోపులో బూడిదరంగుగా కనబడే తుప్పు.

"ఇంత తుప్పు చేరాలంటే ఎన్నాళ్లు పట్టాలమ్మా! ఈ పగులు ఆ రోజుది కాదు. ఎప్పటి నుంచో పెరుగుతూ వచ్చింది."

రిపోర్టులో ఆండాలు పేరు లేదు. అటువంటి వాటిలో ఎప్పుడుంది కనుక! మేడం తీసిన పగులు ఫొటోను మాత్రం ఆమె తన ఫోనులోకి పంపించుకుంది.

ఇంట్లో మల్సూర్ ఆ ఫొటోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. పగులు పాతదని ఆండాలు చెప్పింది.

"రెండు నెలల కింద షాఫ్టు తిరిగే బేరింగు డబ్బా మీద చెయ్యి పెడితే సన్నగ వణుకు తగిలింది. మెకానిక్‌ను పిలిచి చెప్పిన. అంత మంచిగనే ఉంది, నీకే వయసు మీద పడ్డదన్నడు. నా చెయ్యే వణుకుతుందనుకున్న."

"వణికింది నీ చెయ్యి గాదయ్యా, షాఫ్టు. అందరికంటె ముందు నీ చేతికే తెలిసింది."

మల్సూర్ ఏడ్చాడు. ఆండాలూ ఏడ్చింది. ఆయన ఆమె చెయ్యి అందుకుని, గీతల్లేని వేలికొసలను ఒక్కొక్కటే తన బొటనవేలితో తడిమాడు. తర్వాత లేచి, కొక్కేనికున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"సంచి తియ్యి. గౌరయ్య దుకాణం మూస్తడు. నీ వేలు పడదు గద."