లొకేషన్ ఇవ్వని మసేను

మసేను ఎక్కడికి వెళ్తున్నాడో దేవుడికి కూడా చెప్పడు. దేవుడికి చెప్తే పూజారికి తెలుస్తుందనీ, పూజారికి తెలిస్తే గోపాలపూర్ దాకా టముకు వేసినట్టేననీ అతని లెక్క. అలాంటి మనిషి కొత్త ఫోన్లో, అతను బీడీ ముట్టించుకోవడానికి అటు తిరిగిన అరనిమిషంలో, మొబైల్ షాపు కుర్రాడు ప్రేమ్ ఒక మీట జరిపేశాడు. ఆ క్షణం నుంచి మసేను ఎక్కడికి వెళ్తే అక్కడికి ఒక నీలం చుక్క ప్రేమ్ ఫోన్లో నడవడం మొదలుపెట్టింది.

జాలర్ల ఊరైన మార్కండిలో ఇంతకన్నా పెద్ద ద్రోహం లేదు. అక్కడ వేటకు బయలుదేరినవాణ్ణి ఎక్కడికని అడగరు. అడిగితే వల ఖాళీగా వస్తుంది. అది ఊరందరి ఆచారమే. కాకపోతే ఊరందరూ సముద్రం ఒడ్డున పాటిస్తారు, మసేను కిరాణా కొట్టుకి వెళ్ళేటప్పుడు కూడా పాటిస్తాడు.

"మసేనుమావా, ఎటు?"

"ఎటో."

"సేతిలో సంచి ఉంది, కొట్టుకేనా?"

"సంచి ఉంటే కొట్టుకేనేటి? సంచి నా ఇష్టం."

ఆ మాట అన్నాక కొట్టు వైపు వెళ్ళడానికి అతనికి మనసొప్పేది కాదు. ఎదురు దిక్కున నడిచి, మూడు సందులు తిరిగి, కొట్టు వెనకనుంచి వచ్చి ఉల్లిపాయలు కొనుక్కునేవాడు. కూతురి పెళ్ళి ఊరేగింపులో వస్తున్నప్పుడు దారిలో ఎవరో పలకరిస్తే, తలపాగా చుట్టుకుని, బ్యాండు మేళం మధ్యలోంచి "ఎటో" అన్నాడట. ఆ సంగతి అతని భార్య పుణ్యవతే అందరికీ చెప్తుంది. "కట్టుకుని ముప్పైయ్యేళ్ళయింది. ఎక్కడుంతాడో నాను అడగను. దొరికినప్పుడు అన్నం ఎడతాను," అంటుంది.

ఇదంతా ఒక రాయి కోసం అని ఊరి నమ్మకం. సముద్రం అడుగున ఎక్కడో ఒక రాతిదిబ్బ ఉంది. దాని చుట్టూ చేపలు పెళ్ళి పందిట్లో చుట్టాల్లా ఉంటాయి. బోట్లోంచి చూస్తే ఒడ్డున ఫలానా కొండకొన, ఫలానా సరుగుడు తోపు ఒకదాని మీదికి ఒకటి వచ్చినచోట ఆగితే దాని మీదున్నట్టు. ఆ ఫలానా ఏమిటో ఇద్దరికే తెలుసు. ఒకడు మసేను. రెండోవాడు అతని జతగాడు పైడన్న, ప్రేమ్ తండ్రి. ప్రేమ్‌కి తొమ్మిదేళ్ళప్పుడు పైడన్న జ్వరంతో పోయాడు. రాయి గురుతులు ఒక్క మసేను దగ్గరే మిగిలాయి.

అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం సాయంత్రం, ప్రేమ్ వాళ్ళ గుమ్మం పక్కనున్న మేకుకి ఒక చేప వేలాడేది.

"ఎక్కడిదన్నా ఇది?" అని ప్రేమ్ తల్లి ముత్యాలమ్మ మసేనుని అడిగేది.

"నాకేటి తెలుసు? పిల్లి తెచ్చెట్టుంటాది."

పిల్లి చేపని ఎత్తుకుపోని ఊరు లేదు. పిల్లి వారం తప్పకుండా చేప తెచ్చి, మొప్పలో తాడు దూర్చి, మేకుకి తగిలించే ఇల్లు భూమ్మీద అదొక్కటే. ముత్యాలమ్మ నవ్వుకుని కూర వండేది. ప్రేమ్ మాత్రం తలవంచుకుని తినేవాడు. ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి ఆ కూర అతని గొంతులో ముల్లులా అడ్డం పడసాగింది. సగం రాయి మా నాన్నది. వారానికొక చేప విసిరేసి రాయంతా మింగుతున్నాడు. పైగా పిల్లి మీద పెడుతున్నాడు, అనుకునేవాడు.

తండ్రిని మింగింది సముద్రం కాకపోయినా, ముత్యాలమ్మ కొడుకుని నీళ్ళలో కాలు పెట్టనివ్వలేదు. చదువు పన్నెండుతో ఆగింది. బరంపురం బస్టాండు దగ్గర మొబైల్ షాపులో, జనాల ఫోన్లకి గాజు పలకలు బుడగ రాకుండా అతికించడం అతని ఉద్యోగం. చేపలవాడి కొడుకై ఉండి వేట రాదు, చదువుకున్నవాడై ఉండి కుర్చీ లేదు. తండ్రి భుజాల మీద కూర్చుని ఒకప్పుడు ఒక కొండని చూసిన జ్ఞాపకం ఉంది. "అదిగో, ఆ కొనే," అని తండ్రి వేలు చూపించాడు. ఏ కొనో గుర్తు లేదు. మార్కండి నుంచి బస్సెక్కినప్పుడల్లా ప్రతి కొండనీ, నువ్వేనా అన్నట్టు చూసేవాడు.

ఆ షాపుకే పుణ్యవతి మొగుణ్ణి ఒకరోజు లాక్కొచ్చింది. బొత్తాల ఫోను సముద్రంలో పడిపోయిందట. ఎక్కడ పడిందో మసేను చెప్పలేదు. సూరత్‌లో ఉన్న కూతురు రింకి, మనవడి మొహం చూపించాలంటే పెద్ద ఫోన్ కావాలని పట్టుబట్టింది.

ఆండ్రాయిడ్ ఫోన్ పెట్టెలోంచి బయటికి తీస్తే మసేను దాన్ని చేప మొప్ప ఎత్తి చూసినట్టు అంచు ఎత్తి చూశాడు. తాజాగానే ఉందనిపించింది.

"ఏ బాస పెట్టమంటావు మావా? ఒడియానా, ఇంగిలీషా?" అన్నాడు ప్రేమ్.

"అదేటి మాట? మన బాస ఎట్టు."

మార్కండిలో అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో ఒడియా చదువుతారు. తెలుగు అక్షరం చదవగలిగినవాడు ప్రేమ్ ఒక్కడే. పాత కాగితాల కొట్లో తూకానికి పుస్తకాలు కొని, ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాడు. అలా మసేను అభిమానం కొద్దీ, తనూ చదవలేని, పెళ్ళామూ చదవలేని, ఊళ్ళో ప్రేమ్ తప్ప ఇంకొకడు చదవలేని ఫోన్ ఒకటి తయారు చేయించుకున్నాడు.

తర్వాత వేలిముద్ర. మసేను బొటనవేలు పెట్టాడు. మళ్ళీ పెట్టమంది. చూపుడువేలు పెట్టాడు. మళ్ళీ పెట్టమంది. పదివేళ్ళూ అయిపోయాయి. నలభై ఏళ్ళుగా వల తాళ్ళు లాగి లాగి ఆ వేళ్ళ మీద గీత అన్నది మిగల్లేదు. చివరికి పుణ్యవతి వేలు పెడితే ఒక్కసారికే ఒప్పుకుంది.

"సూసినావా, దానికి కూడా తెలుసు ఎవులు సెప్తే ఇనాలో," అంది పుణ్యవతి.

అప్పుడు తెర మీద ఒక పలక లేచింది.

"ఏటంతంది?" అన్నాడు మసేను.

"నువ్వెక్కడున్నావో తెలుసుకోవచ్చా అని అడుగుతంది."

మసేను మొహంలో రంగు మారింది. "కొని పావుగంట కాలేదు. కట్టుకున్నది ముప్పైయ్యేళ్ళలో అడగలేదు. వద్దను."

ప్రేమ్ వద్దని నొక్కాడు. మ్యాపు తెరిస్తే అదీ అడిగింది. కెమెరా తెరిస్తే అదీ అడిగింది. మనవడి కోసం లూడో ఆట వేస్తే, అది కూడా ముందు నువ్వెక్కడున్నావో చెప్పమంది.

"పాచికలాటకి నా జాడెందుకురా? పోలీసులిదేటి ఈ పోను?"

అంటూ అలిసిపోయి, బీడీ వెలిగించుకోవడానికి గుమ్మం వైపు తిరిగాడు. పుణ్యవతి ఫోన్ కవర్ల రంగులు చూస్తోంది. ప్రేమ్ చెయ్యి మీట మీదికి దానంతటదే వెళ్ళింది. లక్ష్ముడని, పెద్ద ఇంజను బోటున్నవాడు, మసేను రాయి జాడ చెప్తే ప్రేమ్‌ని తన బోట్లో వాటాదారుగా ఎక్కించుకుంటానని అప్పటికే మాటిచ్చాడు. సముద్రం మీద ఒక చోటు. ముత్యాలమ్మ కూడా కాదనలేని చోటు. ప్రేమ్‌కి కావలసింది అదే.

ఆ తర్వాత మసేను ఫోనుతో కాపురం మొదలుపెట్టాడు. రింకి వీడియోలో పిలిస్తే, వెనకాల దుప్పటి పట్టుకుని నిలబడమని పుణ్యవతికి చెప్పేవాడు.

"నాన్నా, ఎక్కడున్నావు? ఆ దుప్పటేటి?"

"నా జాడ నీకెందుకమ్మా. పిల్లడి మొకం సూపు."

"మనింట్లోనే ఉన్నావు కదా నాన్నా. దుప్పటి పైనుంచి మన కేలండరు కనబడతంది."

మర్నాటినుంచి పుణ్యవతి బల్ల మీద ఎక్కి దుప్పటి పట్టుకునేది.

ఒకరోజు ఫోను తెర మీద, మబ్బు బొమ్మ పక్కన ఏదో రాసి ఉంటే ప్రేమ్‌తో చదివించుకున్నాడు. "బరంపురం, ముప్పై ఒక్క డిగ్రీలు," అని చదివాడు ప్రేమ్. మసేను ఇసక మీద కూలబడి, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు.

"మోసపోయిందిరా. నాను బరంపురంలో ఉన్నాననుకుంతంది." వారం రోజులు అదే సంబరం. కనబడిన ప్రతివాడికీ ఫోన్ చూపించి, "ఇది నన్ను బరంపురంలో ఎతుకుతంది," అనేవాడు. ప్రేమ్ మొహం పక్కకి తిప్పుకునేవాడు.

సముద్రం మీదికి ఫోన్ని అన్నం క్యారేజీ పైగిన్నెలో, ప్లాస్టిక్ కవర్లో చుట్టి తీసుకెళ్ళమని పుణ్యవతి ఆజ్ఞ. ఒడ్డుకి ఆ మాత్రం దూరంలో సిగ్నల్ అందుతుంది. బరంపురం షాపులో, గాజు పలకల మధ్య, ప్రేమ్ తన ఫోన్లో ఆ చుక్కని చూస్తూ కూర్చునేవాడు. తెర నిండా నీలం. ఆ నీలంలో ఊరు లేదు, వీధి పేరు లేదు. చుక్క ఆగితే ఇతని చేతిలో పని ఆగేది. రాయి జాడ కోసమే చూస్తున్నానని అనుకునేవాడు గాని, జాడ దొరికిన తర్వాత కూడా చూస్తూనే ఉన్నాడు. తన తండ్రి వెళ్ళిన దారి అదే. పదిహేనేళ్ళకి మళ్ళీ ఆ దారిలో ఎవరో వెళ్తుంటే వెనకాల నడుస్తున్నట్టుండేది.

జాడ దొరికిన మాట నిజం. కాని లెక్క కుదరలేదు. సోమవారం నుంచి గురువారం దాకా చుక్క అందరి బోట్లూ తిరిగేచోటే తిరిగేది, అందరిలాగే అరకొర చేపలతో తిరిగొచ్చేది. శుక్రవారం ఒక్కరోజే, పొద్దున్నే, ఎవరూ వెళ్ళని వైపు వెళ్ళి ఒకచోట నిలబడేది. సరిగ్గా అరగంట. వల వేసి తియ్యడానికి అరగంట ఎలా చాలుతుంది? బంగారపు గని ఉన్నవాడు వారానికి అరగంట తవ్వుకుంటాడా?

ఆరో శుక్రవారం ఇంటికి వచ్చేసరికి గుమ్మం పక్కన మేకుకి వంజరం వేలాడుతోంది. ప్రేమ్ దాని ముందు నిలబడిపోయాడు. నోట్లో ఒకే ఒక్క గేలం గుచ్చుకున్న గాయం. అరగంట. ఒక గేలం. ఒక చేప.

మర్నాడు షాపుకి వెళ్ళలేదు. మసేను ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు.

"మావా, నీ పోనులో నీ జాడ తెలిసేలా పెట్టినాను. కొన్న రోజే పెట్టినాను."

మసేను చేతిలో వల నూలు ఆగింది. క్యారేజీ మూత తీశాడు, ఫోను బయటికి తీశాడు, దానితోనే మాట్లాడాడు. "వద్దని సెప్పినాను కాదేటి నీకు?"

"దాని తప్పు కాదు మావా. నాదే."

"నువ్వు అడిగినావు. అది సెప్పీసింది. అడిగినోడు కుర్రోడు. సెప్పినోడిదే తప్పు." ఫోన్ని బోర్లా పడుకోబెట్టి మూత బిగించాడు. రెండురోజులు దాని మొహం చూడలేదట.

ప్రేమ్ పక్కన కూర్చున్నాడు. "రాయికాడ ఒక్క సేపే పడతావెందుకు?"

"సగం రాయి మీ నాన్నది. సగం నాది. నీళ్ళలో సేపని ఆపి, నువ్వు ఎవులి సేపవని అడగలేం కదా. అందికే నాను వదిలీసినాను."

"మరి ఆ ఒక్కటీ?"

"అది మీ నాన్న సగంలోది."

"ఎలగ తెలుసు?"

"మీ ఇంటికి ఎల్లింది కదా. అలగే తెలుసు."

ఈ తర్కానికి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. పదిహేనేళ్ళు ఊరంతా ఈ మనిషి గని మీద కూర్చున్నాడనుకుంది. ఇతను దాని మీద కాపలా కూర్చున్నాడు.

"నాకెందుకు సెప్పలేదు?"

"నువ్వు అడిగినావేటి?"

"అడక్కూడదు కదా మావా."

"అదే మరి," అన్నాడు మసేను, కేసు కొట్టేసినట్టు. వల నూలు మళ్ళీ అందుకున్నాడు. "మీ అమ్మ ఒట్టు ఏయించుకుంది. నీకు తెలిస్తే నీళ్ళలో దిగుతావని. నీకు ఒక్కడికే తెలియకుండా దాయడం ఎలగరా? అందికే ఎవులికీ సెప్పనోడినైపోయినాను. ఉల్లిపాయల కాడ మొదలెట్టినాను. అలవాటైపోనాది."

తర్వాత లేచి నిలబడి, పడమటి వైపు చూపుడువేలు చాపాడు. గీతల్లేని వేలు. "ఆ మూడు కొనల్లో నడిమిది. ఒట్టు రాయి కోసం ఏసినాను. కొండ సూపించడానికి ఒట్టు లేదు."

ప్రేమ్ ఆ కొండని చాలాసేపు చూశాడు. తర్వాత క్యారేజీలోంచి మసేను ఫోన్ తీసి మీట వెనక్కి జరిపాడు. తన ఫోన్లో నీలం చుక్క ఆరిపోయింది.

వారం తర్వాత లక్ష్ముడు షాపుకొచ్చాడు. "ఏటి, జాడ దొరికిందా?"

"దొరికింది."

"ఎక్కడ?"

ప్రేమ్ ఒక ఫోన్ మీద గాజు పలక పెట్టి, బుడగ రాకుండా నెమ్మదిగా నొక్కాడు. "ఎటో," అన్నాడు.

బోట్లో చోటు అలా పోయింది. నాలుగు నెలలకి దూరంగా ఒక ఊళ్ళో, ఫోన్లు బాగుచేసే పెద్ద దుకాణంలో పని దొరికింది. బయలుదేరే రోజు ఛత్రపూర్ స్టేషన్లో ముత్యాలమ్మ ఏడవకుండా టిఫిన్ డబ్బా మూత నాలుగుసార్లు తీసి పెడుతోంది. అప్పుడు ప్లాట్‌ఫారం అవతలి కొసనుంచి, ఎవరో తరుముతున్నట్టు వంకర దారిన మసేను వచ్చాడు. చేతిలో ఎండుచేపల పొట్లం.

"ఇటొచ్చినావేటి మావా?"

"ఎటో ఎల్తూ ఇటొచ్చినాను."

"నాను ఎల్లే ఊరు..."

మసేను రెండు చేతులతోనూ చెవులు మూసుకున్నాడు. పొట్లం కింద పడింది. "సెప్పకు. బయలెల్లేటప్పుడు అనకూడదు." పొట్లం తీసి, దులిపి, ప్రేమ్ చేతిలో పెట్టాడు. రైలు కదిలింది. కిటికీ చువ్వ పట్టుకుని రెండడుగులు నడిచాడు. ఇంకో చేత్తో ఫోను పైకెత్తి చూపించాడు.

"పుణ్యవతి నేర్సుకుంది. ఇందులో నువ్వు సుక్కలాగ కనబడతావంట కదా. నాను అడగను బావూ. నీ పోను అడుగుతాది. అప్పుడు వద్దనకు."