భుజాల దాకానే కనిపించాడు

పానకాలు పుట్టుమూగ, చెవులు మాత్రం వినబడతాయి. ఏం చెప్పినా చేతులతోనే చెప్తాడు. ఆ చేతుల మాట పూర్తిగా తెలిసింది పెళ్లాం నాంచారమ్మ ఒక్కదానికే. మిరపకాయల బస్తాలు పోయాయన్న కేసులో అతన్ని జైల్లో పెట్టి రెండు నెలలైంది. మొదట్లో వాయిదాకి కోర్టుకే తెచ్చేవాళ్లు. అతను చేతులు ఆడిస్తే ఆమె జడ్జిగారికి విప్పి చెప్పేది. ఇప్పుడు తేవడం మానేశారు. జైల్లో ఉంచే కోర్టు గోడకున్న టీవీలో చూపిస్తున్నారు.

మిరపకాయల తొడిమలు తీసే పని ఎగ్గొట్టి పెదకాకాని నుంచి వచ్చిన నాంచారమ్మ తలుపు దగ్గర నిలబడింది. టీవీలో పానకాలు భుజాల దాకానే కనిపించాడు. ముఖం పీక్కుపోయింది.

"లోపల ఏమన్నా ఇబ్బందా?" అని జడ్జిగారు అడిగారు.

పానకాలు కుడి భుజం గబగబా లేచింది, దిగింది, మళ్లీ లేచింది. చేతులు మాత్రం టీవీలోకి రాలేదు.

"అయ్యా, ఆ చేతులు చూపించమనండయ్యా! ఆయనేదో చెప్తన్నాడు!" అని నాంచారమ్మ అరిచింది.

"ఏమ్మా, ఇది కోర్టనుకున్నావా, మిరపకాయల కల్లమనుకున్నావా?" అని బంట్రోతు కసిరాడు.

ఈలోపు జైలు వైపు నుంచి ఎవరో, "ఏం లేదంట సార్" అన్నారు. జడ్జిగారు అదే రాసుకుని ఇంకో పద్నాలుగు రోజులు రిమాండు పొడిగించారు. టీవీలోకి వేరే ముద్దాయి వచ్చేశాడు.

మర్నాడు కాయల రాశి ముందు కూర్చుని నాంచారమ్మ మొగుడి మాటలన్నీ తన చేతులతో చేసి చూసుకుంది. ఆకలన్నా కుడి భుజమే లేస్తోంది. పిల్లదెట్టా ఉందన్నా అదే లేస్తోంది.

"ఏందే, పూనకమొచ్చిందా?" అని పక్కనామె నవ్వింది.

నాంచారమ్మ 'కొడుతున్నారు' అన్న మాట చేసి చూసింది. దానికీ కుడి భుజం అలాగే లేచింది.