తండ్రి పేరు తీసేస్తే

2006 జూన్‌లో విజయవాడలోని ఒక ఇంటర్ కాలేజీకి విద్యార్థుల వివరాల ప్రోగ్రాం రాసే ప్రాజెక్టుకి నన్ను టీమ్ లీడర్‌గా వేశారు. టీమంటే నేనూ, నా కుర్చీ. మా కంపెనీ బెంజి సర్కిల్ దగ్గర ఒక బట్టల కొట్టు మేడ మీద ఉండేది. అయినా విజిటింగ్ కార్డు మీద ఆ హోదా అచ్చయింది కాబట్టి బంధువుల పెళ్లిళ్లలో పంచిపెట్టాను.

అంతకుముందు ప్రోగ్రామర్ డేటాబేస్‌కి ప్రతి ఆజ్ఞా తనే ఎస్‌క్యూఎల్ అనే భాషలో రాసుకునేవాడు: ఈ విద్యార్థిని చేర్చు, ఆ మార్కులు తీసుకురా అని. అప్పుడే ఓఆర్ఎం అనే పద్ధతి మా చేతికొచ్చింది. ప్రోగ్రాంలోని విద్యార్థికి డేటాబేస్‌లో ఏ వరుస సరిపోతుందో ఒక ఫైల్లో చెప్పి పెడితే చాలు, ఆజ్ఞలన్నీ అదే పుట్టించుకుంటుంది. "ఇక ఎస్‌క్యూఎల్ రాసేవాళ్లు ఎడ్లబండి తోలుకోవాల్సిందేనండీ" అని మా ఎండీ గారి ముందు ప్రకటించాను. ఆయనకి అర్థం కాలేదు, నాకూ పూర్తిగా కాలేదు. ఇద్దరికీ నచ్చింది.

మా ప్రోగ్రాంలో ప్రతి విద్యార్థి వరుసా తండ్రి వరుస కిందే ఉండేది. ఆ ఫైల్లో తండ్రినీ పిల్లలనీ కలిపే చోట 'క్యాస్కేడ్' అని ఒక అమరిక ఉంటుంది. తండ్రి వరుసకి ఏది జరిగితే పిల్లల వరుసలకీ అది జరగాలా అన్నది అక్కడ చెప్పాలి. నేను అన్నీ జరగాలని పెట్టాను. అందుకు కారణం ఏ పుస్తకంలోనూ దొరకదు. పరీక్షించి చూసుకోవడానికి మా బావమరుదుల పేర్లతో ఉత్తుత్తి తండ్రుల్ని సృష్టించేవాణ్ని. ఒక్క తండ్రిని తీసేస్తే పిల్లలూ, వాళ్ల మార్కులూ ఒక్క దెబ్బకి తుడిచిపెట్టుకుపోయేవి. టీకి వెళ్లే తీరిక దొరికేది. కాలేజీకి అప్పగించే ముందు మార్చాలనుకున్నాను. మార్చలేదు.

కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ చూసేది షమీమ్ గారు, సీనియర్ అసిస్టెంట్. పరీక్షల మార్కులు వారం వారం తండ్రుల ఫోన్లకి మెసేజీలుగా వెళ్లేవి. కంకిపాడు నుంచి వచ్చి చదువుకునే రమ్య అనే సెకండియర్ అమ్మాయి తండ్రి దసరా సెలవుల్లో పోయారు. ఆ అమ్మాయి ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఆయన ఫోనుకి మెసేజీలు ఆపమని తల్లి కబురు చేస్తే, షమీమ్ గారు నేను నేర్పినట్టే ఆయన పేరు తెరిచి, తొలగించే బటన్ నొక్కారు. మెసేజీలు ఆగాయి.

రమ్య తిరిగొచ్చేసరికి, బోర్డు పరీక్షలు రాసేవాళ్ల జాబితా పంపడానికి అదే ఆఖరి రోజు. సంతకం పెట్టబోతే అందులో తన పేరు లేదు. పేరు లేకపోతే హాల్ టికెట్ రాదు, ఏడాది పోతుంది. నన్ను పిలిపించారు. ప్రిన్సిపాల్ గదిలో తల్లీకూతుళ్లు నిలబడి ఉన్నారు. నేను కంప్యూటర్‌లో వెతికి, "ఆ పేరుతో ఎవరూ లేరండీ" అన్నాను.

"నేనే సార్ రమ్యని," అంది ఆ పిల్ల.

తల్లి నా వైపు తిరిగింది. "మా ఆయన పోయారండీ, నిజమే. పిల్ల బతికే ఉందిగా? ఇద్దరూ పోయారని మీ కంప్యూటర్‌కి ఎవరు చెప్పారు?"

ఎవరు చెప్పారో నాకు ఆ క్షణాన తెలిసిపోయింది. ఏమైందని ప్రిన్సిపాల్ గారు అడిగారు. "యూజర్ ఎర్రర్ సార్" అన్నాను. మా వృత్తిలో ఆ మాటకి అర్థం, తప్పు మా కుర్చీలో లేదు, అవతలి కుర్చీలో ఉందని.

"నేను ఫాదర్ పేరే తీశానండీ, పిల్లని ముట్టుకోలేదు," అన్నారు షమీమ్ గారు. నేను వినబడనట్టు కీబోర్డు టకటకలాడించాను.

ఆటోలో ఆఫీసుకి పరిగెత్తి, పాత బ్యాకప్ సీడీ తెచ్చి, రమ్య వరుసలు మాత్రం వెతికి తిరిగి ఎక్కించాను. చేత్తో ఎస్‌క్యూఎల్ రాసి. అవును, ఆ ఎడ్లబండి మీదే. జాబితా సాయంత్రం లోపు వెళ్లింది. రమ్య పరీక్షలు రాసింది, పాసయింది. క్యాస్కేడ్ అమరికని నేను చడీచప్పుడు లేకుండా మార్చి, ఎండీ గారికి 'పనితీరు మెరుగుదల' అని చెప్పాను.

షమీమ్ గారిని కంప్యూటర్ నుంచి తప్పించి లైబ్రరీకి వేశారు. అమ్మాయి ఏడాది కాపాడినందుకు కాలేజీ వార్షికోత్సవంలో నాకు శాలువా కప్పారు. దాన్ని పళ్లెంలో పెట్టి వేదిక మీదికి తెచ్చింది షమీమ్ గారే. "కాస్త దులిపి కప్పుకోండి సార్, యూజర్ ఎర్రర్ ఏమన్నా అంటుకుందేమో," అన్నారు మెల్లగా. నేను ఫొటో కోసం నవ్వాను. ఆ ఫొటో చాలాకాలం మా హాల్లో వేలాడింది.

షమీమ్ గారు ఏ తప్పూ చేయలేదు. నేను నేర్పిన పనిని నేర్పినట్టే చేశారు. ఓఆర్ఎం తప్పూ లేదు. అది ఆజ్ఞలు రాసిపెడుతుంది గానీ, ఏ ఆజ్ఞ ఇవ్వాలో మన బదులు ఆలోచించదు. ఆ తర్వాత నా ప్రోగ్రాముల్లో మనుషుల్ని తొలగించే బటన్ పెట్టలేదు. ఇప్పుడు లేరని గుర్తు పెట్టే గడి ఒకటి పెట్టాను. పొరపాటు జరిగితే రాసే రిపోర్టులో ప్రోగ్రాం రాసినవాడి పేరు ముందు ఉండాలన్నది కూడా అప్పుడే నేర్చుకోవాల్సింది. దానికి మాత్రం ఉద్యోగం మానేసేదాకా పట్టింది.