ఇంటి మనిషి

అమెరికాలో, కమ్మింగ్ అనే ఊళ్ళో మా పాపను చూసుకోవడానికి ఒక ఆంటీ వచ్చేవారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా అనుకున్నాం కానీ, నా మీటింగుల వల్ల ఐదు తరచూ ఏడయ్యేది. నెలనెలా జీతం ఇస్తున్నా, పనిమనిషి అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. "మా ఆంటీ" అనేవాళ్ళం. ఉగాదికి చీర పెట్టేదాన్ని. ఆ మాటలోనూ ఆ చీరలోనూ నా మంచితనం చూసుకుని నేనే మురిసిపోయేదాన్ని.

ఆ ఏడాది ఆఫీసులో నా జీతం పెంచమని మేనేజర్‌కి రెండు పేజీలు రాశాను. అడగందే అమ్మయినా పెట్టదు కదా. నాతో సమానంగా పనిచేసేవాళ్ళకి నాకంటే ఎక్కువ ఇవ్వడం అన్యాయమని వాదించాను. పెంచారు. ఆ వారంలోనే ఆంటీ, పాపకి అన్నం తినిపిస్తూ నన్ను పిలిచారు.

"మూడేండ్లయింది గద బిడ్డా. జీతం కొంచెం పెంచితే మంచిగుంటది."

"మీరు మా ఇంటి మనిషి ఆంటీ, మన మధ్య ఇవేంటి?" అన్నాను నవ్వుతూ.

ఆమె ఇంకో ముద్ద కలిపారు. నేను పైకి వెళ్ళి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మేనేజర్ నాతో అదే మాట అని ఉంటే ఊరుకునేదాన్ని కాదు.

ఆ శనివారం పాప పుట్టినరోజు. ఆంటీని పనికి కాదు, భోజనానికే పిలిచాను. పట్టుచీర కట్టుకుని, పాపకి గౌను పట్టుకుని వచ్చారు. గారెలు వేడివేడిగా వేస్తే బాగుంటుందని అన్నది నేనే. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి అందరూ తిని వెళ్ళేదాకా కదల్లేదు. చుట్టంగా వచ్చారు కాబట్టి ఆ రోజుకి డబ్బులివ్వలేదు. ఇంటి మనిషి కాబట్టి విస్తరి వేసి వడ్డించలేదు. రెండు విధాలా లాభం నాదే.

సోమవారం ఆమె డేకేర్‌లో ఉద్యోగానికి చేరుతున్నానని చెప్పారు.

"ఎంత కావాలో చెప్పండి ఆంటీ, ఇస్తాను."

అన్నాక సిగ్గేసింది. అంటే ఇన్నాళ్ళూ ఇవ్వగలిగే ఉన్నాను.

"ఆడ ఐదు కాంగనే ఇంటికి పొమ్మంటరట బిడ్డా," అన్నారు. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"పాప మీ కోసం ఏడుస్తుంది."

"వస్త. సెలవు దొరికిన రోజు వచ్చి చూసి పోత." చెప్పులు వేసుకుంటూ ఆగారు. "వచ్చినప్పుడు జర కూర్చోమను, చాలు."