మా పక్కింటావిడ విచారణకు పిలిచింది

"ఈసారి పండక్కి మీరు మా విచారణకు రావాలి పద్మ గారూ" అని పక్కింటి ఫిలోమినమ్మ గారు గోడ మీంచి పిలిచేసరికి నా గుండె గుభేలుమంది. నేను పనిచేసేది ఇన్సూరెన్స్ ఆఫీసులో. మా దగ్గర విచారణ అంటే ఎవరి మెడకో ఏదో చుట్టుకున్నట్టే. "నేనేం చేశానండీ?" అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వి అప్పుడు చెప్పింది. కథోలికుల మాటలో విచారణ అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడీ, చుట్టుపక్కల ఊళ్ళూ, వాటిలోని జనమూ, అన్నీ కలిపి. ఆవిడది గుంటూరు, మాది భీమవరం. మేడ్చల్‌లో ఈ కాలనీకి ఇంచుమించు ఒకేసారి వచ్చాం. వాళ్ళ కేకులూ మా బొబ్బట్లూ గోడ దాటుతూనే ఉంటాయి గానీ, ఆవిడ గుడి మాత్రం నేనెప్పుడూ చూడలేదు. లూర్దుమాత పండుగ, ఫిబ్రవరి చలి ఇంకా పూర్తిగా పోలేదు, భోజనం అక్కడే అంది. భోజనం అన్నాక నేను ఆలోచించే మనిషిని కాను.

పండుగనాడు వాళ్ళాయన సౌండ్ బాక్సులు వేసుకుని కారులో ముందే వెళ్ళిపోయారు. మేమిద్దరం ఏడు గంటలకు మేడ్చల్‌లో ఆటో మాట్లాడుకున్నాం. ముందు రావల్కోల్ వెళ్ళి పూలు తీసుకోవాలి, తర్వాత శామీర్‌పేట మీదుగా అలియాబాద్ దాటి గుడికి. సాయంత్రం దాకా ఉంచుకుంటే ఎనిమిది వందలు అన్నాడు. బేరమాడదామని నోరు తెరిచాను కానీ, గుడి దగ్గర తిరుగు ఆటోలు దొరకవని ఫిలోమినమ్మ గారు నా నోరు మూయించింది. డ్రైవర్ పేరు నర్సింగ్, లాల్‌గడి మలక్‌పేట్ మనిషి. మాటకారి.

"పువ్వులు ఎవరి తాన మేడం?"

"లూర్దమ్మ అవ్వ దగ్గర" అందావిడ.

"గా పాట పాడే అవ్వనా! పండుగకు మా ఊరోళ్ళం గూడ పోతం మేడం, గా పాట ఇననీకే. గిప్పుడు పాడుతలేదట. గుంటూరుకెళ్ళి ఎవరో మేడం వచ్చిందట. మైకుల అందరి ముంగట 'సల్లని కాదు, చల్లని అనాలె' అన్నదట. అవ్వ మస్తు పరేషానయి పాటే బంద్ వెట్టింది. గదేం మేడమో ఏమో!"

నేను కిటికీలేని ఆటోలో కిటికీ కోసం వెతుక్కున్నాను. "ఆ మేడమ్‌ని నేనే బాబూ" అంది ఫిలోమినమ్మ గారు. నర్సింగ్ బ్రేకు వేసినంత పని చేశాడు. ఆ తర్వాత రావల్కోల్ దాకా అద్దంలో మా వైపు చూడకుండానే నడిపాడు.

మిగతాది ఆవిడే చెప్పింది. గుడిలో గాయకబృందానికి పాటలు నేర్పేది ఆవిడే, క్రిస్మస్ పాటల ప్రాక్టీసులో జరిగిందట. పండుగనాడు మాత స్వరూపాన్ని, అంటే విగ్రహాన్ని, భుజాల మీదికి ఎత్తాక, లూర్దమ్మ అవ్వ పాట ఎత్తుకుంటేనే అది గడప దాటడం అక్కడి ఆనవాయితీ. ఆ ప్రాక్టీసు రోజు నుంచీ ఊరి ఆడవాళ్ళు గుడికి వస్తున్నారు, కూర్చుంటున్నారు, పెదవి మాత్రం విప్పడం లేదు. "ఇవాళ కూడా అవ్వ పాడకపోతే వాళ్ళు స్వరూపం వెంట నడవరు. విచారణను రెండు ముక్కలు చేసిన దాన్ని నేనవుతాను" అంది. పూలు మేడ్చల్ మార్కెట్లో కూడా దొరుకుతాయి. ఇంత దూరం ఎందుకొచ్చామో నాకు అప్పుడు తెలిసింది.

బంతి తోట ఊరికి ఈ చివరనే ఉంది. అవ్వ బక్కపల్చటి మనిషి, మెడకు తువ్వాలు చుట్టుకుని గంపలో పూలు సర్దుతోంది. మమ్మల్ని చూసి కూడా లేవలేదు.

"కోసి పెట్టిన. తీస్కపోండ్రి."

"అవ్వా, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. తప్పయిపోయింది. ఇవాళ పాట మీరే ఎత్తుకోవాలి" అంది ఫిలోమినమ్మ గారు.

"నువ్వు సదువుకున్నదానివి బిడ్డా. నేను మా అత్త నోట ఇన్నది పాడిన. ఇగ నాకు గొంతు పట్టింది. దగ్గు."

"గుడికైనా వస్తారా?"

"సూద్దాం" అని గంప మా వైపు తోసింది. అది నిజం దగ్గో, వంకో నాకు అర్థం కాలేదు. ఫిలోమినమ్మ గారికి అస్సలు కాలేదు. అలియాబాద్ దాకా గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు ఆవిడ మీద జాలీ, కోపమూ రెండూ వచ్చాయి.

గుడి అంటే నేను పెద్ద గోపురం ఊహించుకున్నాను. ఉన్నది రేకుల షెడ్డు. పక్కనే కొత్త గుడికి లేపిన పిల్లర్లు, చువ్వలు ఆకాశంలోకి పెట్టుకుని ఏళ్ళ తరబడి నిలబడ్డాయట. చందాలు వచ్చిన ఏడు ఒక వరుస ఇటుకలు లేస్తాయి, రాని ఏడు అక్కడే బట్టలారేస్తారు. ఫాదర్ గారు ఇంకో ఊళ్ళో పూజ ముగించుకుని బైకు మీద వచ్చేసరికి తొమ్మిదిన్నర. ముందు కుర్చీల్లో కాలనీల వాళ్ళు, వెనక చాపల మీద ఊళ్ళ వాళ్ళు. గాయకబృందం తప్పు లేకుండా పాడింది, చక్కగా, పరీక్ష రాసినట్టు. చాపల వైపు నుంచి ఒక్క గొంతూ కలవలేదు.

పూజ అయ్యాక స్వరూపాన్ని ఎత్తారు. ఎత్తి, అలాగే నిలబడ్డారు. ఫాదర్ గారు ఫిలోమినమ్మ గారి వైపు చూశారు. ఆవిడ మైకు పట్టుకుని గేటు వైపు చూసింది. మోస్తున్నవాళ్ళు భుజాలు మార్చుకున్నారు. అప్పుడు ఎవరిదో స్కూటీ వెనక నుంచి అవ్వ దిగింది, మెడకు అదే తువ్వాలు. జనం దారి ఇచ్చారు. ఫిలోమినమ్మ గారు పరుగున వెళ్ళి మైకు చేతికివ్వబోయింది.

"నిజంగనే గొంతు పోయింది బిడ్డా" అంది అవ్వ, గాలి తప్ప మాట రాని గొంతుతో. "నువ్వే ఎత్తుకో. గని మా తీరుగ ఎత్తుకో."

ఫిలోమినమ్మ గారు కళ్ళు మూసుకుంది. "సల్లని తల్లీ మరియమ్మా, సేను సెల్కల సూడమ్మా..."

చాపల వైపు నుంచి ఆడవాళ్ళందరూ అందుకున్నారు. ఆ రేకుల షెడ్డు కింద అంత గొంతు ఎక్కడ దాచుకున్నారో! స్వరూపం గడప దాటింది. నేను కథోలికురాలిని కాదు, ఆ పాట నాకు రాదు, అయినా కళ్ళ నీళ్ళు ఆగలేదు.

బగారా అన్నం, మటన్ కూర, కాలనీ వాళ్ళ పులిహోర ఒకే విస్తట్లో తిన్నాను. వంటాయన రెండోసారి కూర పోస్తూ "కారం కొట్టిందా మేడం?" అని అడిగితే, మా భీమవరం పరువు కోసం లేదన్నాను. కొట్టింది. అవ్వ పక్కనే ఫిలోమినమ్మ గారు కూర్చుని మర్యాదలు చేస్తోంది. పాట ఉత్సాహం ఇంకా దిగలేదు కాబోలు, "అవ్వా, గొంతుకు హాయిగా ఉంటుంది, వేడిగా సాయ్ తాగుతారా?" అంది.

అవ్వ ముద్ద ఆపింది. ఆవిడ మొహంలోకి చూసింది. నవ్వు, దగ్గు, మళ్ళీ నవ్వు. "సాయ్ ఏంది బిడ్డా! చాయ్ అనాలె, చాయ్!"

"చాయ్" అంది ఫిలోమినమ్మ గారు, బడిపిల్లలా. ఈసారి మైకు లేదు, పక్కనున్న నలుగురమే విన్నాం, అందరికంటే ఎక్కువ ఆవిడే నవ్వింది.

నాలుగింటికి శామీర్‌పేట చెరువు గట్టు మీదుగా తిరిగొచ్చాం. కొత్త గుడి ఎప్పటికి లేస్తుందో తెలీదు. కుర్చీలూ చాపలూ వచ్చే ఆదివారం మళ్ళీ విడివిడిగానే ఉంటాయేమో. కానీ తప్పు దిద్దినావిడ తప్పు ఒప్పుకుంది, దిద్దించుకున్నావిడ పాట అప్పగించింది. మా ఆఫీసులో ఏళ్ళ తరబడి నడిచే విచారణల్లో ఒక్కటి కూడా ఇంత బాగా ముగియలేదు. నాకు కడుపూ మనసూ నిండుగా ఉన్నాయి.

మీరు వెళ్ళేటట్టయితే ఒక్క సలహా. ఆ పాట మొదటి చరణం ముందే నేర్చుకుని వెళ్ళండి. ఊరేగింపులో మీ మతమేదని ఎవరూ అడగరు, పాడకుండా నడిస్తే మాత్రం "గొంతు పోయిందా?" అని అడుగుతారు.