నల్లరాతి గోడకు ఎగువన

కరోనా తగ్గాక వచ్చిన మొదటి వేసవి. మెదక్ పట్టణంలో ఉంటూ, బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో సర్వే చేసి చెప్పడం నా పని. మార్చిలోనే హవేలిఘనపూర్ వైపు గుట్టల కింద ఉన్న ఒక ఆడపిల్లల హాస్టల్ నుంచి పిలుపొచ్చింది. ఉన్న రెండు బోర్లూ ఎండిపోయాయి. పరీక్షలు దగ్గరపడ్డాయి. నీళ్లు దొరక్కపోతే హాస్టల్ మూసేద్దామని దాన్ని నడిపే కమిటీ అంటోందట.

"ఇండ్లకు పంపిస్తే సగం మంది మళ్ల రారు మేడం. లగ్గాలు చేసేస్తరు," అన్నది వార్డెన్ రెహానా బేగం.

గుట్ట ఎక్కి చూశాను. ఎర్రటి గ్రానైటు మధ్య నుంచి నల్లరాళ్ల వరుస ఒకటి గోడ కట్టినట్టు దిగివచ్చి, హాస్టల్ ఆవరణలో నేలలోకి పోయింది. దీన్ని మేం డైక్ అంటాం. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల కరిగిన రాయి గ్రానైటు పగుళ్లలోకి ఎగదన్ని, పైకి రాకముందే గడ్డకడితే ఏర్పడేది. గట్టి డైక్ అయితే నేల కింద ఆనకట్టలా నిలుస్తుంది. గుట్ట మీద ఇంకిన వాన నీళ్లు దానికి ఎగువన ఆగిపోతాయి. పాత బోర్లు రెండూ దిగువన ఉన్నాయి.

నేలలోకి కరెంటు పంపి, లోపల తడి ఎక్కడుందో కనిపెట్టే రెసిస్టివిటీ సర్వే చేశాను. ఎగువన, పిల్లలు కబడ్డీ ఆడే చోట తడి జాడ దొరికింది.

బోరు వేసే రిగ్గు యజమాని యూసుఫ్ భాయ్ మాత్రం వెనకాడాడు. "నల్లరాయి దగ్గర నీళ్లు పడంగ నేనెన్నడు చూడలే మేడం. రాయి తొలిచే బిట్టు ఖరాబైతది," అన్నాడు. రాయిలోకి కాదు, దాని పక్కన దింపుతామని నేల మీద గీత గీసి చూపించాను. ఇంకొక్క బోరుకు కమిటీని రెహానా ఒప్పించింది.

రిగ్గు మొదలైంది. చాలాసేపు తెల్లటి దుమ్మే లేచింది. పిల్లలు వరండాలో నిలబడి చూస్తున్నారు. వాళ్ల వైపు తిరగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంతలో దుమ్ము ఆగింది. బురద ఎగజిమ్మింది. దాని వెనకే తాటిచెట్టంత ఎత్తున నీళ్లు లేచాయి.

"జర పక్కకు జరుగుండ్రి మేడం, తడుస్తరు," అన్నాడు యూసుఫ్ భాయ్ నవ్వుతూ. నేను జరగలేదు. పిల్లలందరూ పరుగెత్తుకొచ్చి నా చుట్టూ తడిశారు. రెహానా కొంగుతో ముఖం తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

ఎండిన బోరు దగ్గరికి ఎవరు పిలిచినా ఇప్పుడు నేను ముందు గుట్ట ఎక్కుతాను. నీళ్లకు ఏ రాయి అడ్డుపడిందో తెలిస్తే, అవి ఎక్కడ ఆగాయో తెలుస్తుంది. ఆ ఏడాది పిల్లలందరూ పరీక్షలు హాస్టల్లో ఉండే రాశారు.